దొర పేరు పాటలో, మన పేరు మట్టిలో

కళ్యాణదుర్గం పక్కన ఒక ఊర్లో మన సంఘం మీటింగు జరిగింది. మామూలు మీటింగే. ఉపాధి పనుల కూలి, శ్మశానానికి బాట, రచ్చబండ కాడ మళ్లీ మొదలైన గొడవ. చివర్లో ఒక పిల్లోడు లేచి అడిగినాడు: "అన్నా, ఫిబ్రవరి 22న నరసింహారెడ్డి వర్ధంతి చేస్తారంట. కోలాటానికి మన జట్టును పిలిచినారు. పోదామా, వద్దా? ఆ పాట మనది అవునా, కాదా?"

అంతే, మీటింగు రెండుగా చీలింది. "అది రెడ్ల పాట. ఫ్లెక్సీ వాళ్లది, మైకు వాళ్లది, కాళ్లకు గజ్జెలు మాత్రం మనవా? పోవద్దు" అని సగం మంది. "ఆ కొట్లాటలో చచ్చింది రెడ్డి ఒక్కడేనా? మనట్లాంటోళ్లు ఎంతమంది చచ్చినారో. పాట వాళ్లకు వదిలేస్తే మన తాతలను కూడా వదిలేసినట్టే" అని సగం మంది. రాత్రి పదకొండు దాటినా తెగలేదు. పత్రికలో రాయండి అన్నారు. అందుకే ఈ సంపాదకీయం.

ముందు జరిగిందేమో చూద్దాం.

1800లో నైజాం నవాబు ఈ సీమను, అంటే బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చినాడు. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నందుకు జీతం కింద మనల్ని ఇచ్చినాడు. దత్త మండలాలు అన్న పేరు అట్లా వచ్చింది. మనల్ని అడిగినోడు లేడు. మన్రో దొర కలెక్టరై వచ్చి, అనంతపురంలో కచేరీ పెట్టి, 80 మంది దాకా ఉన్న పాళెగాళ్లను అణచినాడు. కొందరిని తరిమినాడు, కొందరికి నెలనెలా భరణం కట్టి మూల కూర్చోబెట్టినాడు. రైతు పేరు మీద శిస్తు రాసినాడు. సీమలో కొన్నిచోట్ల ఆ దొరను మునిలాగా తలుచుకునే కథలు ఇప్పటికీ ఉన్నాయి. గండి కాడ కొండల నడుమ బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందని చెప్తారు. పట్టా వచ్చినోళ్ల ఇండ్లలో అట్లాంటి కథ పుట్టడంలో వింత లేదు. పట్టా రానోళ్ల ఇండ్లలో ఏ కథ పుట్టిందని ఎవరూ అడగలేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అట్లా భరణం మీద మిగిలిన పాళెగాళ్ల ఇంటోడు. కంపెనీ భరణంలో అతని వాటా నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. ఇంకో పక్క కట్టుబడి మాన్యాలు పోతున్నాయి. కట్టుబడి అంటే ఊరి కావలి, బాట కావలి కాసినందుకు తక్కువ శిస్తుకు అనుభవించే భూమి. ఆ భూమి మీద బతికే బంట్లను కూడా కట్టుబడులనే పిలిచేవాళ్లు. కంపెనీకి పోలీసులు వచ్చినాక ఈ కావలి ఎందుకని మాన్యాలు లాక్కోవడం మొదలుపెట్టినారు. తండ్రి చచ్చిపోతే కొడుక్కి రాకుండా చేసినారు.

1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. తహసీల్దారు తల తెగింది. గిద్దలూరు పక్కన కంపెనీ సైన్యంతో కొట్లాట అయింది. అక్టోబరులో నరసింహారెడ్డి దొరికినాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో వేలమంది చూస్తుండగా ఉరి తీసినారు. తల నరికి కోట గుమ్మానికి కట్టినారు. ఆ తల 1877 దాకా అట్లే ఉండింది. 30 ఏండ్లు! అంటే ధాత కరువులో జనం ఆకులు అలములు తిని, బాటల పక్కన పడి చచ్చేనాటికి కూడా ఆ పుర్రె అక్కడే వేలాడుతున్నది. ఎదురు తిరిగితే ఇదీ గతి అని చెప్పడానికి దొరలు పెట్టిన బోర్డు అది. జనం మాత్రం ఆ బోర్డు కిందనే నిలబడి పాట కట్టినారు.

పాట గొప్పదే. కాదనం. కోలాటాల్లో, తందాన కథల్లో సీమంతా తిరిగిన పాట. తర్వాత పుస్తకాలు వచ్చినాయి. 2019లో పెద్ద సినిమా వచ్చింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు. మంచిదే. కానీ అన్నలారా, అక్కలారా, ఒక లెక్క అడుగుదాం. భరణం తక్కువైంది ఒకనికి. మాన్యం పోయింది వందల మందికి. 11 రూపాయల 10 అణాల 8 పైసలు ఈ రోజుకీ పైసలతో సహా గుర్తున్నాయి. ఏ కట్టుబడి బంటుకు ఎన్ని ఎకరాలు పోయినాయో ఏ పాటలో ఉంది?

నరసింహారెడ్డి వెంట నడిచినోళ్లు ఎవరు? కట్టుబడులు. బోయోళ్లు, వడ్డెరలు, అడవిలోని చెంచులు. వాళ్లలో ఒక్క వడ్డె ఓబన్న పేరు మిగిలింది. అది కూడా వడ్డెర కులస్తులు పట్టుపట్టి నిలబెట్టుకున్నందుకు మిగిలింది. ఈ మధ్య ఏండ్లలో జనవరి 11న ఓబన్న జయంతి జరుగుతోంది. వాళ్లకు మా దండాలు. మిగతా వాళ్లు? ఉరి తర్వాత జైళ్లకు పోయినోళ్లు, సముద్రం దాటించబడినోళ్లు, వాళ్ల పెండ్లాం పిల్లలు?

వాళ్లకేమయిందో కొంత తెలుసు. 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911లో ఆ చట్టాన్ని మద్రాసు రాజధానికి కూడా తెచ్చినారు. ఎరుకలోళ్లను, దొంగ వడ్డెరలు, దొంగ బోయలు అని పేరు పెట్టిన గుంపులను పుట్టుకతోనే దొంగలని రాసినారు. ఊరికి కావలి కాసిన చేతులకు దొంగ అన్న ముద్ర! ఊరు దాటాలంటే పోలీసు చీటీ, రాత్రయితే హాజరు. 1952లో గానీ ఆ చట్టం దేశమంతటా పోలేదు. దొరబిడ్డకు పాట దక్కింది. వెంట నడిచినోని బిడ్డకు స్టేషన్‌లో హాజరుపట్టీ దక్కింది.

ఇక మాలమాదిగల సంగతి. ఆ కాలంలో ఏ కబురైనా ఊరికి చేరింది మన డప్పు మీదే. గుర్రానికి జీను, బంటుకు చెప్పు, బావికి కపిల బాన, అన్నీ మన తోలుపనే. సైన్యం ఏదైనా మూటలు మోసింది మన వీపే. కానీ పనిచేసినోడు చరిత్రలో ఉండడు, చేయించుకున్నోడు ఉంటాడు. ఇందులో ఇంకొక నిజం కూడా ఉంది. దాన్ని దాచితే మనం కూడా దొరల చరిత్రే రాసినట్టు. పాళెగాడు మనకు దేవుడేం కాదు. కోట గోడకు మట్టి మోసింది వెట్టికే. కంపెనీ రాకముందే మనం ఊరి బయట ఉన్నాం. కంపెనీ వచ్చినాక కూడా ఊరి బయటే ఉన్నాం.

అందుకే 1927 జనవరి 1న బాబాసాహెబ్ అంబేద్కర్ కోరేగాం స్తంభం కాడికి పోయినాడు. 1818లో అక్కడ కంపెనీ సైన్యంలో ఉండి పీష్వా సైన్యంతో కొట్లాడిన మహర్ల పేర్లు ఆ రాతి మీద ఉన్నాయి. కంపెనీ మీద మోజుతో పోలేదాయన. పీష్వాల రాజ్యంలో మహర్లు పడిన అవమానం ఆయనకు తెలుసు. మనోళ్ల పేర్లు రాయి మీద చెక్కి ఉన్నాయి గనక, ఆ పేర్లు చూపించి మీరు పిరికోళ్ల బిడ్డలు కారు అని చెప్పడానికి పోయినాడు. ఏ పక్షాన కొట్లాడినా, మన పేరు రాసి ఉంటే మనం దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. పేరే లేకపోతే దేన్ని తీసుకుంటాం?

ఇట్లాంటి కథ మనదొక్కటే కాదు. ఇంగ్లండు పక్కన ఐర్లాండు అని ఒక దీవి ఉంది. మనకంటే ముందు ఇంగ్లీషోళ్ల కాలికింద పడిన దేశం. అక్కడ కూడా భూమి దొరలది, దున్నేది కౌలుదారులు. 1798లో వాళ్లు తిరగబడినారు. మతభేదం లేని గణరాజ్యం కావాలని ఐక్య ఐరిష్ సంఘం పిలుపిచ్చింది. కమ్మరోళ్లు పొడుగు బల్లేలు కొట్టిచ్చినారు. ఆ ఆగస్టులో ఫ్రాన్సు నుంచి సుమారు వెయ్యి మంది సైనికులు పడమటి తీరంలో కిల్లాలా కాడ దిగినారు. అక్కడి పేద రైతులు వేలల్లో వచ్చి కలిసినారు. కాసిల్‌బార్‌లో గెలిచినారు. సెప్టెంబరు 8న బాలినమక్ అనేచోట ఓడిపోయినారు. ఓడినాక ఏమయిందో వినండి. ఫ్రెంచి సైనికులను యుద్ధ ఖైదీలని మర్యాదగా డబ్లిన్‌కు తీసుకపోయి, తర్వాత వాళ్ల దేశానికి పంపినారు. వాళ్ల పక్కనే నిలబడి కొట్లాడిన ఐరిష్ రైతులను మాత్రం ఆ బయల్లోనే వేటాడి చంపినారు. ఒకే యుద్ధం, ఒకే పక్షం, రెండు న్యాయాలు. మనకిది కొత్త కాదు గదా!

ఆ తిరుగుబాటును అణచినోళ్లెవరో తెలుసునా? అప్పటి ఐర్లాండు పాలకుడు కారన్‌వాలీస్. 1792లో శ్రీరంగపట్నంలో టిప్పు రాజ్యంలో సగం లాక్కున్నోడు ఆయనే. బాలినమక్‌లో సైన్యం నడిపిన జనరల్ లేక్ తర్వాత ఇండియాకు వచ్చి 1803లో ఢిల్లీ పట్టుకున్నాడు. నరసింహారెడ్డిని ఉరితీసిన 1847లో ఐర్లాండులో బంగాళదుంప తెగులు కరువు నడుస్తున్నది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చచ్చినారు. జనం చస్తుంటే ధాన్యం ఓడలు బయటికే పోయినాయి. ఆ కరువు సాయం ఖర్చును గట్టిగా బిగించిన ట్రెవెలియన్ అనే అధికారి 1859లో మన మద్రాసుకే గవర్నరుగా వచ్చినాడు. దోచేటోడు దేశాలు మారుతూ పని నేర్చుకుంటాడు. దోపిడీకి గురైనోళ్లకు మాత్రం ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అయితే ఐర్లాండు పేదోళ్లు ఒక పని చేసినారు, మనం చేయలేదు. వాళ్లు గుర్తు పెట్టుకున్నది రాసిపెట్టుకున్నారు. పడమటి జిల్లాల్లో 1798ని జనం 'ఫ్రెంచోళ్ల ఏడాది' అని పిలిచేవాళ్లు, మనం ధాత కరువు అన్నట్టే. ఏ గుట్ట కింద ఎవరిని పూడ్చినారు, ఏ ఇంట్లో ఎవరు దాక్కున్నారు, ఏ ఆడమనిషి ఎవరికి అన్నం పెట్టింది, ఇవన్నీ తాతల నుంచి మనవళ్లకు వచ్చినాయి. తిరుగుబాటుదారులు తినడానికి కోటు జేబుల్లో బార్లీ గింజలు వేసుకొని పోయినారంట. వాళ్లను గుంతల్లో పూడ్చినచోట తర్వాత బార్లీ మొలిచిందని చెప్పుకుంటారు. మన చేన్లో కొర్ర మొలిచినట్టు!

1937లో ఐర్లాండు స్వతంత్ర ప్రభుత్వం ఒక పని పెట్టింది. సుమారు 5000 బడుల్లో 11 నుంచి 14 ఏండ్ల పిల్లలకు నోటుపుస్తకాలిచ్చి, పోయి మీ అవ్వతాతలను అడిగి రాసుకొని రండి అన్నారు. కరువు సంగతి, పాత ఇండ్లు, బావులు, పనిముట్లు, ఊరి వీరులు, అన్నీ. 50 వేల మందికి పైగా పిల్లలు 1939 దాకా రాసినారు. ఆ కాగితాలు ఇప్పటికీ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి. గై బైనర్ అనే చరిత్రకారుడు ఇట్లాంటి మాటలన్నీ ఏరి, 2007లో ఫ్రెంచోళ్ల ఏడాది మీద లావుపాటి పుస్తకమే రాసినాడు. అందులో పెద్ద సేనానాయకుల కంటే ఊరి మనుషులు ఎక్కువ. ఎందుకంటే చెప్పినోళ్లు ఊరి మనుషులు.

జనం జ్ఞాపకం అంతా నిజమే అని మేం అనడం లేదు. జనం కూడా దాస్తారు. అదే 1798 జూన్‌లో స్కల్లాబోగ్ అనేచోట తిరుగుబాటుదారులు వందమందికి పైగా ఖైదీలను ఒక కొట్టంలో పెట్టి కాల్చేసినారు. ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, అందులో ఆడోళ్లు, పిల్లలు కూడా. వీరుల పాటల్లో ఆ కొట్టం కనబడదు. ఉత్తరాన ప్రొటెస్టెంట్ రైతులు కూడా ఆ ఏడాది తిరగబడినారు. తర్వాత వాళ్ల బిడ్డలు ఇంగ్లండు పక్షం చేరి, తాతల సంగతి బయట చెప్పుకోవడానికి జంకినారు. పాట ఏం చెప్పిందని ఎంత అడగాలో, ఏం చెప్పలేదని కూడా అంతే అడగాల.

మన జిల్లాలోనే ఇంకో గుర్తు ఉంది. గుత్తి పోయినోళ్లు హంపన్న సమాధి చూసే ఉంటారు. 1893లో గుంతకల్లు పక్కన రైలు గేటు కాసే మనిషి హంపన్న. తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడోళ్ల వెంటపడితే, వాళ్లను తన గేటు గదిలోకి పంపి అడ్డం నిలబడినాడు. తుపాకీతో కాల్చినారు, చచ్చిపోయినాడు. గుత్తి కేశవ పిళ్లై పత్రికల్లో రాసి కేసు కోసం కొట్లాడినాడు. మద్రాసు హైకోర్టు ఆ సిపాయిని వదిలేసింది. జనం చందాలేసుకొని రాయి నిలబెట్టినారు. పాళెం లేదు, కోట లేదు, చేతిలో పచ్చజెండా ఎర్రజెండా తప్ప ఏం లేని మనిషి. ఆయన పేరు నిలిచింది. ఎట్లా? ఒకరు రాసినారు, పదిమంది రాయి పెట్టినారు.

మన కాలం సంగతే చూడండి. 1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. చుండూరు కేసులో పడిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. జనం జ్ఞాపకాన్ని ఏ కోర్టూ కొట్టేయలేకపోయింది. ఎందుకంటే ఈసారి మనం రాసినాం, పాట కట్టినాం, చచ్చినోళ్లను ఊరి నడుమనే పూడ్చి పేర్లు చెక్కినాం.

కాబట్టి ఆ పిల్లోనికి మా జవాబు ఇది. పో. పాడు. కానీ వాళ్లు రాసిచ్చినట్టు పాడొద్దు. ఓబన్న పేరు లేకుండా పాట ఎత్తుకోవద్దు. మాన్యాలు పోయినోళ్ల సంగతి చెప్పకుండా భరణం సంగతి చెప్పొద్దు. వేదిక మీద నిలబడి అడుగు: ఆ తల కోట గుమ్మానికి వేలాడింది సరే, దాని కింద ఊడ్చిందెవరు? పిలిచినోళ్లకు ఆ ప్రశ్న రుచించకపోతే, మన వాడలోనే మన డప్పు పెట్టుకొని పాడుకుందాం. ఇంకో మాట. బోయ, వడ్డెర, ఎరుకల, చెంచు జనంతో ఈ విషయంలో మనకు పోటీ లేదు. వాళ్ల తాతలు పోగొట్టుకున్నది, మన తాతలు పోగొట్టుకున్నది ఒకే రకం భూమి, పని చేసినందుకు ఇచ్చిన మాన్యం.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈ జ్ఞాపకాలు పాటకే పనికొచ్చేవి కాదు. మన ఊర్లలో తోటి మాన్యం, వెట్టి మాన్యం, తలారి మాన్యం అని చేన్లకు పేర్లున్నాయి. ముసలోళ్లకు ఆ చేను ఏదో తెలుసు, గట్టు ఏదో తెలుసు, మధ్యలో ఎవరి చేతికి ఎట్లా పోయిందో తెలుసు. అప్పు కింద పోయిందా, సారా సీసా కింద పోయిందా, భయపెడితే పోయిందా, అన్నీ తెలుసు. 1860ల్లో దొరలు ఇనాముల లెక్క తీసి రిజిస్టర్లు రాసినారు. 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. 1977లో అసైన్డ్ భూముల చట్టం వచ్చింది. కాగితం వాళ్ల దగ్గర ఉంది, గుర్తు మన దగ్గర ఉంది. రెండూ కలిస్తేనే అర్జీకి బలం. 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్ పైనుంచి గట్టును చూస్తుంది గానీ, ఆ గట్టు ఎవరు ఎప్పుడు జరిపినారో దానికి కనబడదు. అది అవ్వకు కనబడుతుంది. అవ్వ పోతే ఆ సాక్ష్యం పోయినట్టే. ముసలోళ్లు ఎదురుచూస్తూ కూర్చోరు. పిల్లలేమో వేరుశనగ పోయినప్పుడల్లా బెంగుళూరు బస్సెక్కుతున్నారు.

సంఘం కార్యకర్తలకు మా మనవి. ప్రతి ఊర్లో ఒక నోటుపుస్తకం కొనండి. చదువుకుంటున్న ఇద్దరు పిల్లలను, అందులో ఒక ఆడపిల్ల ఉండేట్టు, పనికి పెట్టండి. వాడలో పెద్ద వయసోళ్లందరినీ అడగండి. ఆడోళ్లను వేరేగా అడగండి, మగోళ్ల ముందర వాళ్లు చెప్పరు. చేన్ల పాత పేర్లు, ఎవరికి ఏ వెట్టి ఉండేది, ఏ కరువులో ఏం తిన్నారు, ఎవరు ఎదురు తిరిగినారు, ఏం శిక్ష పడింది, ఏ పాట ఎవరు పాడేవాళ్లు, రాయండి. చెప్పినోళ్ల పేరు, వయసు, రాసిన తేదీ వేయండి. చెప్పినమాట చెప్పినట్టే రాయండి, దిద్దొద్దు. ఇద్దరు రెండు రకాలుగా చెప్తే రెండూ రాయండి. మనకు సిగ్గనిపించేది కూడా రాయండి. ఫోనులో గొంతు పట్టుకోండి గానీ ఫోను మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, పగిలిపోతుంది. భూమి సంగతి వచ్చినచోట సర్వే నంబరు కనుక్కొని, తహసీల్దారు ఆఫీసులో ఇనాం ఫెయిర్ రిజిస్టర్ నకలుకు దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి.

ఐర్లాండులో ఆ పనికి ప్రభుత్వం ముందుకొచ్చింది. ఇక్కడ ప్రభుత్వం కోసం చూస్తే మన మనవళ్లు కూడా ముసలోళ్లయిపోతారు. నోటుపుస్తకానికి పెద్ద ఖర్చేం లేదు. ఈ పక్షం నుంచే మొదలుపెడదాం. ఏ ఊరి పుస్తకం నిండితే ఆ ఊరి సంగతులు ఈ పేజీల్లోనే అచ్చేస్తాం.

పాట వాళ్లు కట్టించుకున్నారు. లెక్క మనం రాద్దాం.

జై భీమ్!